సముద్రం కనిపించే గది: మధ్యరకం హోటల్ మంచిచెడ్డలు తేల్చేదెవరు?

ఒకే హోటల్, ఒకే అంతస్తు, ఒకే వారం. ఒక కుటుంబం "పెట్టిన డబ్బుకు న్యాయం జరిగింది" అనుకుంటూ వెళ్తుంది. పక్క గదిలో దిగినవారు "ఇంకోసారి ఈ గుమ్మం తొక్కం" అంటారు. సముద్రతీరంలో ఉన్న మధ్యరకం హోటళ్ళలో ఇది రోజూ జరిగేదే. పెద్ద రిసార్టులో ఇంత తేడా రాదు, ఎందుకంటే అన్ని గదుల మీదా ఒకే శ్రద్ధ ఉంటుంది. చవక లాడ్జిలోనూ రాదు, అక్కడ ఆశించేదే తక్కువ. ఈ రెండింటి నడుమ ఉన్న హోటల్లోనే అతిథి ఆశ పెద్దది, యజమాని చేతిలో ఆడే డబ్బు చిన్నది.

ఈ తేడా ఎక్కడినుంచి వస్తుందన్న వాదన నలభై ఏళ్ళుగా నడుస్తోంది. సేవను కొలిచే పరిశోధకులది ఒక మాట, హోటల్ యజమానులది ఒక మాట, ఆన్‌లైన్ రేటింగులది ఇంకో మాట. పన్నుల చట్టం, తీరప్రాంత నిబంధనలు కూడా తోడయ్యేసరికి చిక్కుముడి పడింది. విశాఖపట్నాన్ని ముందు పెట్టుకుని, అక్కడక్కడ పూరీతో పోల్చుకుంటూ ఈ ముడిని విప్పి చూడవచ్చు. రెండూ బంగాళాఖాతం ఒడ్డు ఊళ్ళే. తెలుగు కుటుంబాలు ఒకదానికి సెలవుల్లో వెళ్తాయి, రెండోదానికి జగన్నాథుడి కోసం వెళ్తాయి. రెండుచోట్లా అడిగే గది మాత్రం ఒకటే: కిటికీ తీస్తే సముద్రం కనిపించాలి.

సత్రం అరుగు నుంచి రిసెప్షన్ దాకా

డబ్బిచ్చి తిండీ బసా కొనుక్కోవడం మనకు కొత్త కాదు. క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూళ్ళ ఇల్లు ఉంది. కన్యాశుల్కంలో విజయనగరం పూటకూళ్ళమ్మ ఉంది. మరోపక్క సత్రాలున్నాయి. విశాఖలో టర్నర్ చౌల్ట్రీ పేరు చెబితే ఇప్పటికీ దారి చూపిస్తారు. ఈ రెంటికీ ఉన్న తేడా గమనించదగ్గది. సత్రంలో దిగినవాడు ధర్మం పుచ్చుకుంటున్నాడు కాబట్టి నోరెత్తడు. పూటకూళ్ళ ఇంట తిన్నవాడు డబ్బిచ్చాడు కాబట్టి పులుసులో ఉప్పెక్కువైతే అడుగుతాడు. నేటి అతిథిలో ఈ ఇద్దరూ ఉన్నారు. గీజర్ పనిచేయకపోతే రిసెప్షన్‌కు చెప్పకుండా చన్నీళ్ళు పోసుకుని దర్శనానికి వెళ్ళిపోయే పెద్దవాళ్ళూ, అదే గదిలోంచి ఫొటో తీసి ఒక్క నక్షత్రం ఇచ్చే కొడుకులూ ఒకే ఇంటివాళ్ళు. అతిథి అభిప్రాయం కొలిచే ఏ పద్ధతికైనా మొదటి ఇబ్బంది ఇదే.

సముద్రం కోసమే ఒక ఊరికి వెళ్ళి ఉండటం ఆ తర్వాత వచ్చిన అలవాటు. విశాఖలోని వాల్తేరు గాలి ఆరోగ్యానికి మంచిదని తెల్లదొరలు బంగళాలు కట్టుకున్నారు. పూరీలో బెంగాల్ నాగపూర్ రైల్వే 1925లో హోటల్ తెరిచింది. మధ్యతరగతి జనం ఒడ్డుకు వచ్చింది రైలు టికెట్టు, ప్రభుత్వోద్యోగుల ఎల్టీసీ (సెలవు ప్రయాణ రాయితీ) చేతికందాక. పూరీలో కలకత్తా బ్యాంకులు, సంఘాలు తమ ఉద్యోగుల కోసం హాలిడే హోమ్‌లు పెట్టుకున్నాయి. విశాఖ దారి వేరు. అక్కడ ఓడరేవు, నౌకాదళం, ఉక్కు కర్మాగారం ఉన్నాయి. అందుకే బీచ్ రోడ్డు హోటల్లో సోమవారం నుంచి గురువారం దాకా కంపెనీ పని మీద వచ్చినవాళ్ళు, శుక్రవారం సాయంత్రం నుంచి పిల్లాపాపలతో కుటుంబాలు దిగుతారు. మొదటివాడికి కావలసింది వైఫై, ఇస్త్రీ, జీఎస్టీ బిల్లు. రెండోవారికి కావలసింది ఒక అదనపు పరుపు, ఇసుక కాళ్ళు కడుక్కునే కుళాయి. ఒకే గది, ఒకే రూమ్ బాయ్ ఈ ఇద్దరినీ మెప్పించాలి.

మధ్యరకం అంటే ఎంతవరకు?

కేంద్ర పర్యాటక శాఖ కమిటీ ఇచ్చే నక్షత్రాలు హోటల్ కోరితేనే వస్తాయి, తప్పనిసరి కాదు. చాలా మధ్యరకం హోటళ్ళు ఆ జోలికే వెళ్ళవు. కాబట్టి ఆచరణలో గీత గీసింది పన్ను. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు గది అద్దె 2,500 చేరితే 18 శాతం, 7,500 చేరితే 28 శాతం. 2019 అక్టోబరు నుంచి 7,500 దాకా 12 శాతమే అయింది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 5 శాతానికి దిగింది. ఆ రెండు అంకెల మధ్య, అంటే రెండున్నర వేలకూ ఏడున్నర వేలకూ నడుమ ఉన్న గదినే ఇక్కడ మధ్యరకం అంటున్నాం. ఈ 5 శాతం వెనక ఉన్న మెలిక తర్వాత వస్తుంది. అతిథికి లాభంలా కనిపించేది గది గోడకు నష్టం కావచ్చు.

మూడు వాదాలు

మొదటి వాదం ఆశకూ అందినదానికీ ఉన్న ఎడాన్ని కొలుస్తుంది. పరశురామన్, జైతమల్, బెర్రీ అనే ముగ్గురు 1985లో ఈ నమూనా ప్రతిపాదించి, 1988లో సర్వ్‌క్వాల్ అనే కొలబద్ద ఇచ్చారు. కంటికి కనిపించేవి, చెప్పింది చేయడం, పిలిస్తే పలకడం, నమ్మకం కలిగించడం, మనిషిగా పట్టించుకోవడం అనే ఐదు పాళ్ళు అందులో ఉన్నాయి. హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీల్లో నేటికీ ఇదే పాఠం. 1992లో క్రోనిన్, టేలర్ దీన్ని తప్పుబట్టారు. ఆశను విడిగా కొలవనక్కర్లేదు, అందినదాన్ని కొలిస్తే చాలు అన్నారు. ఆ పేచీ నేటికీ తీరలేదు. పైగా ఇది బ్యాంకులు, క్రెడిట్ కార్డులు, టెలిఫోన్, మరమ్మతు సేవల ఖాతాదారులను అడిగి తయారుచేసిన కొలబద్ద. సముద్రానికి ఎదురుగా నిలబడ్డ భవనాన్ని అడిగి చేసింది కాదు.

రెండో వాదం జ్ఞాపకానిది. హోటల్ అమ్మేది గదిని కాదు, అనుభవాన్ని అని పైన్, గిల్‌మోర్ 1998లో రాశారు. దానికి ఐదేళ్ళ ముందే ఫ్రెడ్రిక్సన్, కానమన్ మరో సంగతి తేల్చారు. మనిషి ఒక అనుభవాన్ని గుర్తుంచుకునేటప్పుడు అది ఎంతసేపు సాగిందన్నది దాదాపు వదిలేస్తాడు, దాని పతాక ఘట్టాన్నీ ముగింపునీ పట్టుకుంటాడు. తూర్పు తీరపు హోటళ్ళకు ఇది వరం. సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు. బాల్కనీలో నిలబడి చూసిన ఆ పది నిమిషాలు రాత్రంతా కుట్టిన దోమల్ని మరిపిస్తాయి. అలాగే ఖాళీ చేసే వేళ బిల్లులో అడగని వస్తువు కనబడితే మూడు రోజుల మర్యాద మట్టిలో కలుస్తుంది.

మూడోది సమాచారం గురించిన వాదం. అకెర్‌లాఫ్ 1970లో పాత కార్ల బజారును చూపి చెప్పిన సంగతి గదులకూ వర్తిస్తుంది. సరుకు లోపం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. ఊరి మనిషి ఒకసారి మోసపోతే రెండోసారి వెళ్ళడు. పర్యాటకుడు రెండోసారి వచ్చేదే అరుదు. అందుకని అతిథి అసంతృప్తి సేవలో లోపం వల్ల కాదు, ముందు తెలియకపోవడం వల్ల అంటారు వీరు.

మూడింటినీ ఒకే రాత్రి మీద పెట్టి చూద్దాం. పదకొండింటికి ఏసీ ఆగిపోయింది. రిసెప్షన్‌లోని కుర్రాడు పావుగంటలో పై అంతస్తు గదికి మార్చాడు. మొదటి వాదం ప్రకారం చెప్పింది చేయడంలో తప్పారు, పిలిస్తే పలకడంలో నెగ్గారు. రెండో వాదం ప్రకారం ఆ పై గదిలోంచి సూర్యోదయం కనబడితే కథ సుఖాంతమే. మూడో వాదం మాత్రం ఆ ఏసీ నెలలో ఎన్నోసారి ఆగిందని అడుగుతుంది. తప్పును దిద్దిన తీరు చూసి అతిథి అసలు తప్పే జరగనప్పటికంటే ఎక్కువ సంతోషిస్తాడన్న భావన కూడా 1992 నుంచి ప్రచారంలో ఉంది. సంతోషం పెరగవచ్చు గానీ ఆ అతిథి మళ్ళీ వస్తాడన్న భరోసా లేదని తర్వాతి పరిశీలనలు చెప్పాయి. ఈ ముగ్గురిలో మూడోవారి ప్రశ్నే నాకు అసలు ప్రశ్నగా కనిపిస్తుంది, ఎందుకంటే ఏసీ ఆగడానికి కారణం కుర్రాడి చేతిలో లేదు. గాలిలో ఉంది.

ఉప్పుగాలి ఖాతా

బీచ్ రోడ్డు హోటల్ గదిలో చూడవలసిన మొదటి వస్తువు బాత్‌రూమ్ తలుపు మడతబందు. పైబందు గోధుమరంగుకు తిరిగి, మేకుల చుట్టూ పొడి రాలుతుంటే తలుపు ఒక పక్కకు వాలుతుంది. గడియ రంధ్రంలో పడదు. తలుపును కాస్త ఎత్తి పట్టుకుని గడియ వేసుకోవాలి. తర్వాత చూడవలసింది షవర్. నీటిలో ఉప్పు, సున్నం ఉంటే రంధ్రాల చుట్టూ తెల్లటి పొరలు కడతాయి, సగం ధారలు పక్కకు చిమ్ముతాయి, సబ్బు నురగ రాదు. ఒడ్డుకు దగ్గరగా బోర్లు లోతుగా తోడితే భూగర్భంలోకి ఉప్పునీరు చొరబడుతుంది. అతిథి "నీళ్ళు బాగోలేవు" అని రాస్తాడు. ఆ మాట వెనక ఉన్నది నిర్వాహకుడి నిర్లక్ష్యం ఒక్కటే కాదు.

ఏసీ సంగతి ఇంకా కష్టం. గోడ బయట వేలాడే యూనిట్‌లో రాగి గొట్టాలు, వాటి చుట్టూ పల్చటి అల్యూమినియం రేకులు ఉంటాయి. రెండు వేర్వేరు లోహాలు తగిలి ఉన్నచోట ఉప్పు తడి చేరితే అల్యూమినియం తినుకుపోతుంది. రేకులు పొడి పొడిగా రాలుతాయి, చల్లదనం తగ్గుతుంది, చివరికి గ్యాస్ కారిపోతుంది. వారానికోసారి మంచినీళ్ళతో కడిగితే ఆయుష్షు పెరుగుతుంది. ఐదో అంతస్తు గోడకు వేలాడే యూనిట్‌ను వారం వారం ఎవరు కడుగుతారు?

గోడల లెక్క మరీ నెమ్మది, మరీ ఖరీదు. ఉప్పులోని క్లోరైడు కాంక్రీటులోంచి ఇంకి లోపలి ఇనుమును చేరుతుంది. ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, కాంక్రీటును చీలుస్తుంది, బాల్కనీ అడుగున పెచ్చులూడతాయి. భారత ప్రమాణం ఐఎస్ 456 తీరపు గాలికి నేరుగా తగిలే కాంక్రీటును తీవ్రమైన వాతావరణంలో ఉన్నదిగా లెక్కగట్టి, ఇనుము మీద కనీసం 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కవర్ ఉండాలంటుంది. సాధారణ వాతావరణంలో 20 చాలు. ఈ పాతిక మిల్లీమీటర్ల తేడా కట్టే రోజున ఎవరి కంటికీ కనబడదు. పది పదిహేనేళ్ళకు కనబడుతుంది.

ఇక్కడే ఈ వ్యాపారపు అసలు చిక్కు ఉంది. సముద్రం వైపు గదికి అద్దె ఎక్కువ, ఆ గదే అన్నిటికంటే త్వరగా పాడవుతుంది. వెనక సందు వైపు చూసే చవక గదిలో తలుపు సరిగ్గా పడుతుంది, ఏసీ మోగకుండా నడుస్తుంది. ఎక్కువ డబ్బిచ్చినవాడికి ఎక్కువ తుప్పు దక్కుతుంది. యజమాని సీ వ్యూ మీద తీసుకునే అదనపు అద్దెను నిజానికి ఆ గది మరమ్మతు ఖాతాలో వేయాలి. లాభం ఖాతాలో వేసుకున్న హోటల్ నాలుగేళ్ళకే ముసలిదవుతుంది.

ముందు చెప్పిన పన్ను మెలిక ఇక్కడ వస్తుంది. 2025 సెప్టెంబరుకు ముందు 12 శాతం వసూలు చేసిన హోటల్ తాను కొన్న ఏసీలు, దుప్పట్లు, రంగుల మీద కట్టిన జీఎస్టీని అందులోంచి మినహాయించుకునేది. 5 శాతం రేటు ఆ మినహాయింపు లేకుండా వచ్చింది. కొత్త ఏసీ మీద కట్టిన 18 శాతం ఇప్పుడు పూర్తిగా యజమాని నెత్తినే పడుతుంది. బిల్లు తగ్గిందని అతిథి సంతోషిస్తాడు, పాత ఏసీ ఇంకో వేసవి నడుస్తుందా అని యజమాని ఆలోచిస్తాడు. లోతట్టు ఊరి హోటల్ కంటే తీరపు హోటల్ ఎక్కువసార్లు సామాన్లు మార్చాలి కాబట్టి దెబ్బ దానికే ఎక్కువ. పన్ను గురించిన చర్చల్లో ఈ మాట నాకు తగినంతగా వినిపించలేదు.

దీనికి తోడు తుఫానులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను, 2019 మే 3న ఫణి పూరీని తాకాయి. సముద్రం వైపు పెద్ద అద్దాలు పెట్టుకున్న భవనాలకే దెబ్బ ఎక్కువ తగిలింది. ఆ అద్దాలను పెట్టించిందీ సీ వ్యూ కోరికే.

సీ వ్యూ అన్న మాటకు అర్థం

సీ వ్యూ, సీ ఫేసింగ్, పార్షియల్ సీ వ్యూ. ఈ మూడింటికీ చట్టంలో నిర్వచనం లేదు. బాల్కనీ అంచుకు వెళ్ళి మెడ పక్కకు తిప్పితే రెండు భవనాల నడుమ నీలిగీత కనబడే గదిని కూడా ఈ పేర్లలో ఏదో ఒకదానితో అమ్మవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనలను నిషేధించింది. అయితే ఎంత సముద్రం కనబడితే సముద్రం కనబడినట్టో అది చెప్పదు.

"బీచ్ హోటల్ అన్నారు, తీరా చూస్తే రోడ్డు దాటాలి" అన్న ఫిర్యాదు తరచూ వినబడుతుంది. దాని మూలం హోటల్లో లేదు. తీరానికి 500 మీటర్ల దాకా కట్టడాలు వద్దని ఇందిరా గాంధీ 1981లో ముఖ్యమంత్రులకు రాశారు. 1991లో తీరప్రాంత క్రమబద్ధీకరణ నోటిఫికేషన్ వచ్చింది, 2011లో, 2019లో దాన్ని తిరగరాశారు. అప్పటికే కట్టడాలతో నిండిన నగర తీరంలో ఉన్న రోడ్డుకు భూమి వైపే కొత్త కట్టడం రావాలి. అందుకే విశాఖ బీచ్ రోడ్డు హోటళ్ళు రోడ్డుకు ఇవతలే నిలబడ్డాయి. రోడ్డు దాటాల్సి రావడం మోసం కాదు, తీరం ఇంకా అందరిదిగా మిగిలి ఉండటానికి అదొక కారణం. ఈ విషయంలో నేను నిబంధన పక్షమే. హోటళ్ళు చేయగలిగింది, చేయనిది ఒకటుంది: ఆ సంగతి బుకింగ్ పేజీలోనే రాయడం.

ప్రకటన ఫొటోలో ఉన్న బీచ్ కూడా స్థిరం కాదు. తూర్పు తీరంలో ఇసుక మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. 1970ల్లో విశాఖ ఔటర్ హార్బర్ గోడలు కట్టాక ఆ నడక ఆగింది. ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్ కోతకు గురవుతూ వచ్చింది, ఓడరేవు ఇసుక తవ్వి తెచ్చి పోస్తూ వచ్చింది. ఇసుక పోసిన ఏడాది తీసిన ఫొటో చూసి వచ్చినవాడికి మరో ఏడాది రాళ్ళు కనబడవచ్చు. సముద్రాన్ని చూసే చోటూ స్థిరం కాదు. విశాఖలోని ఋషికొండ మీద మధ్యతరగతి కుటుంబాలకు బాగా అలవాటైన ప్రభుత్వ హరిత రిసార్ట్‌ను 2021లో పడగొట్టారు. ఆ స్థలంలో లేచిన కట్టడాల వివాదం కోర్టుల దాకా వెళ్ళింది. ఆ ధరలో ఆ కొండ మీంచి సముద్రం చూడటం అనే అనుభవం అంతటితో జాబితాలోంచి పోయింది.

పన్నెండు గంటల పేచీ

హైదరాబాద్‌లో సాయంత్రం బయల్దేరిన గోదావరి ఎక్స్‌ప్రెస్ తెల్లవారేసరికి విశాఖ చేరుతుంది. గది మధ్యాహ్నం పన్నెండుకు ఇస్తారు. ఆ ఆరేడు గంటలు కుటుంబం సామానుతో రిసెప్షన్ సోఫాలో గడుపుతుంది. మన లాడ్జిల పాత పద్ధతి 24 గంటల లెక్క, ఎప్పుడు దిగితే మర్నాడు అప్పటిదాకా. హోటల్‌గా ఎదిగినవాళ్ళు మధ్యాహ్నం పన్నెండు లెక్కకు మారారు, ఎందుకంటే గదులన్నీ ఒకే వేళకు ఖాళీ అయితే తక్కువ మందితో దుప్పట్లు మార్చి తుడిపించవచ్చు. అతిథికి 24 గంటల లెక్క న్యాయం, హోటల్‌కు మధ్యాహ్నం పన్నెండు లెక్క పొదుపు. స్నానానికి, బట్టలు మార్చుకోవడానికి రెండు ఉమ్మడి గదులు కేటాయించిన హోటళ్ళు ఈ పేచీని చాలావరకు తప్పించుకున్నాయి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. ఇన్ని సిద్ధాంతాలకంటే ఈ చిన్న ఏర్పాటే నాకు విలువైనదిగా తోస్తుంది.

నక్షత్రాల నమ్మకం

రేటింగు డబ్బు తెస్తుంది. ఐదు పాయింట్ల రేటింగులో ఒక పాయింటు పెరిగితే గదులు ఖాళీ పడకుండానే ధరను 11.2 శాతం దాకా పెంచవచ్చని కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి 2012లో ఆండర్సన్ లెక్క చూపారు. డబ్బు ఉన్నచోట వేషాలూ ఉంటాయి. మేజ్లిన్, డోవర్, షెవలియే 2014లో ప్రచురించిన అధ్యయనం రెండు వెబ్‌సైట్లను పోల్చింది. ఒకదానిలో ఎవరైనా రాయవచ్చు, రెండోదానిలో గది తీసుకున్నవారే రాయాలి. చిన్న యజమానుల హోటల్ పక్కనే ఉన్న హోటళ్ళకు మొదటి సైట్‌లో చెడ్డ రివ్యూలు ఎక్కువ కనబడ్డాయి. మన దేశంలో 2022 నవంబరులో ఐఎస్ 19000 అనే ప్రమాణం వచ్చింది, రివ్యూలను ఎలా సేకరించాలో, ఎలా ప్రచురించాలో చెప్పింది. అది స్వచ్ఛందం.

అబద్ధపు రివ్యూల కంటే నిజమైన రివ్యూల పరిమితే నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది. మూడేళ్ళ కిందటి మెచ్చుకోలు, నిన్నటి తిట్టు కలిసి ఒకే సగటు అవుతాయి. మూడేళ్ళలో ఉప్పుగాలి ఆ గదిని వేరే గదిగా మార్చేసి ఉంటుంది. పైగా రేటింగు హోటల్‌కు ఇస్తారు, గదికి కాదు. ముందు వైపు గది, వెనక గది, మరమ్మతైన అంతస్తు, కాని అంతస్తు ఒకే 4.1 కింద దాగుతాయి. మొదట్లో చెప్పిన ఇద్దరు పొరుగువారి తగువుకు సగం జవాబు ఇక్కడే ఉంది.

తేలనివి

గది చివరిసారి ఎప్పుడు బాగుచేశారో బుకింగ్ పేజీలో తేదీ వేయాలా అన్నది మొదటి ప్రశ్న. వేస్తే పాత గదికి అద్దె పడిపోతుందని యజమానుల భయం, కొత్తగా చేయించినవాడికి ఫలం దక్కుతుందని ఎదురువాదం. నాకు రెండోదే సబబు. నోరెత్తని అతిథిని ఎలా లెక్కించాలన్నది రెండోది. ఖాళీ చేసేటప్పుడు ఇచ్చే ఫారం చన్నీళ్ళు పోసుకుని వెళ్ళిన పెద్దాయన సంగతి పట్టుకోలేదు. గీజర్ స్విచ్ వేసి చూసిన రూమ్ బాయ్ పట్టుకోగలడు, కానీ అతణ్ణి ఎవరూ సర్వేలో అడగరు.

మూడోది అన్నిటికంటే బరువైనది. కుటుంబం హోటల్లో దిగింది సముద్రం కోసం. ఆర్కే బీచ్ దగ్గర నీరు పైకి శాంతంగా కనబడుతుంది గానీ కింద లోపలికి లాగే ప్రవాహాలుంటాయి, ఏటా ప్రాణాలు పోతున్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్ అలల ఎత్తు మీద ముందస్తు హెచ్చరికలు ఇస్తుంది. సముద్రాన్ని చూపించి అద్దె తీసుకున్న హోటల్, రోడ్డు దాటాక ఏమైనా తనకు సంబంధం లేదనవచ్చా? చట్టం ఆ బాధ్యతను స్పష్టంగా పెట్టలేదు, నక్షత్రాల కమిటీ అడగదు, రేటింగులో దానికి గడి లేదు. రిసెప్షన్ బల్ల మీద టిఫిన్ వేళల పలక పక్కన, ఈ రోజు అలలెలా ఉన్నాయో సుద్దముక్కతో రాసే రెండో పలకకు చోటుంది.